పుల్లను కాదు, దుంపను పెంచండి

అందరికీ నమస్కారం. వెనుక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను మాట్లాడుతూ ఉండగా, రాత్రి పూసే ఎడారి కాక్టస్ ఉన్న ఈ కుండీ మీ వరుసల్లో ఒకరి చేతి నుంచి ఒకరికి వెళుతుంది. రెండు చేతులతో పట్టుకోండి. చూడటానికి ఎండు పుల్లను మట్టిలో గుచ్చినట్టు ఉంటుంది. ఎత్తితే మాత్రం ఇంత బరువేమిటి అనిపిస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది ఆ బరువు గురించే. పువ్వు గురించి కూడా చెబుతాను, మీరంతా వచ్చింది దాని కోసమేనని నాకు తెలుసు.

నేను అరిజోనాలో, ఇక్కడ టూసాన్‌లో ఇల్లు తీసుకున్న కొత్తలో మా అమ్మ కొన్ని నెలలు నా దగ్గర ఉంది. పెరట్లో ఈ మొక్కకు నీళ్లు పోస్తుంటే రెండు రోజులు ఏమీ అనకుండా చూసింది. మూడో రోజు ఉండబట్టలేక అడిగింది, "ఆ కట్టెపుల్లకు నీళ్లెందుకురా, చిగురిస్తుందనా?" అని. నేను అప్పట్లో కొంచెం చిన్నబుచ్చుకున్నాను. ఆవిడ తప్పు ఏమీ లేదు. ఈ మొక్క అలా కనబడటానికే పుట్టింది.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. లేకపోతే నేను ఒక మొక్క గురించి చెబుతుంటే మీరు ఇంకో మొక్కను తలచుకుంటూ కూర్చుంటారు. రాత్రి పూసే కాక్టస్ అనగానే మనవాళ్లకు బ్రహ్మకమలం గుర్తుకు వస్తుంది. మన ఇళ్లలో ఆ పేరుతో కుండీల్లో పెరిగేది ఎపిఫిల్లమ్. అదీ కాక్టసే, అదీ రాత్రే పూస్తుంది. కానీ దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికాల తేమ అడవులు, అక్కడ చెట్ల కొమ్మల మీద ఎక్కి కూర్చుంటుంది. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం కాక్టస్ కానే కాదు. ఇక నైట్ క్వీన్ అని పిలుచుకునే, కిటికీ పక్కన వేస్తే వాసనతో తల దిమ్మెక్కించే పొద వంకాయ కుటుంబానిది. డ్రాగన్ ఫ్రూట్ కూడా రాత్రి పూసే కాక్టసే, అయితే అది కూడా ఎడారి మొక్క కాదు. వీటిని పెంచిన అనుభవంతో మన మొక్కను పెంచితే అది చస్తుంది. నేను పేర్ల దగ్గర ఇంతసేపు ఆగడానికి కారణం అదే.

మీ చేతుల్లో తిరుగుతున్నది పెనియోసీరియస్ గ్రెగ్గియై. సరిహద్దుకు అవతల మెక్సికోలో రెయినా దె లా నోచె అంటారు, అంటే రాత్రి రాణి. కొమ్మలు జింక కొమ్ముల్లా చీలి ఉంటాయి కాబట్టి ఇంగ్లీషులో డీర్‌హార్న్ కాక్టస్ అన్న పేరు కూడా ఉంది. శాస్త్రీయ నామం విని కొందరు నవ్వుతున్నారు, నాకు తెలుస్తోంది. సీరియస్ అంటే లాటిన్‌లో మైనపు వత్తి. అయినా మన అర్థం కూడా దీనికి సరిగ్గా సరిపోతుంది. ఎప్పుడు చూసినా పరిస్థితి సీరియస్‌గా ఉన్నట్టే కనిపిస్తుంది, రేపో మాపో అన్నట్టు.

గ్రెగ్గియై అన్న మాట జోసయా గ్రెగ్ పేరు మీద వచ్చింది. ఆయన శాంటా ఫే దారిలో బండ్ల మీద సరుకు తోలిన వర్తకుడు. వ్యాపారంతో పాటు మొక్కలు సేకరించే అలవాటు కూడా ఉండేది. సెయింట్ లూయిస్‌లో వైద్యం చేసుకుంటూ కాక్టస్‌ల మీద పనిచేసిన జార్జ్ ఎంగెల్‌మన్ 1848లో ఈ మొక్కను వర్ణించి, గ్రెగ్ పేరు పెట్టాడు. తర్వాత 1909లో బ్రిటన్, రోజ్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని పెనియోసీరియస్ అనే ప్రజాతిలోకి మార్చారు. చరిత్ర ఇంతటితో చాలు.

ఇది ఎక్కడ పెరుగుతుందో చూస్తే ఎలా పెంచాలో సగం తెలిసిపోతుంది. దక్షిణ అరిజోనా, న్యూ మెక్సికో, పశ్చిమ టెక్సాస్, కింద ఉత్తర మెక్సికో. సొనోరా ఎడారిలో ఒక రకం, చివావా ఎడారిలో ఒక రకం. ఏ ఎడారిలో చూసినా ఒంటరిగా ఎండలో నిలబడదు. క్రియోసోట్ పొదలోనో, మెస్కీట్ చెట్టు కిందో, ఐరన్‌వుడ్ కిందో దాక్కుని ఉంటుంది. వాన రాకముందే వాన వాసన వేసే పొద ఉంది చూశారా, ఊరంతా ఆ వాసనే వస్తుంది జూలైలో, అదే క్రియోసోట్. దాని కొమ్మలు బూడిదరంగు, సన్నవి, వంకరటింకరవి. మన మొక్క కాడలు కూడా అంతే మందం, అంతే రంగు. నాలుగైదు పలకలు, పలకల అంచున కనీకనిపించని పొట్టి ముళ్లు. ఆ పొదలో అది ఉందని వేలు పెట్టి చూపించినా రెండు నిమిషాల దాకా కంటికి ఆనదు. ఒకసారి ఒక పెద్దాయన నన్ను ఎడారిలోకి తీసుకెళ్లి ఒక పొద ముందు నిలబెట్టి, "ఎన్ని కనబడుతున్నాయి?" అన్నారు. ఒక్కటీ కనబడలేదు. మూడు ఉన్నాయి. వాటిలో ఒకటి నా మోకాలికి ఆనుకుని ఉంది.

కాడ సంగతి అది. కింద ఏముందంటే, ఒక దుంప. పెద్ద ముల్లంగిలా, కొన్నిసార్లు చిలగడదుంపలా ఉంటుంది. మామూలుగా రెండు కిలోల నుంచి ఏడు కిలోల దాకా తూగుతుంది. దాదాపు 40 కిలోల దుంప దొరికిన దాఖలా కూడా ఉంది. పైన చూస్తే పెన్సిల్ మందం పుల్లలు నాలుగు, కింద చూస్తే పసిపిల్లవాడంత దుంప. సగ్వారో కాక్టస్ నీళ్లను ఒంట్లో నింపుకుని ఊరందరికీ కనబడేలా నిలబడుతుంది. ఇది నీళ్లనూ తిండినీ భూమిలో దాచుకుని పైకి బీదగా కనబడుతుంది. కరువు మరీ ఎక్కువైతే పైన ఉన్న కాడలను కూడా వదిలేసుకుంటుంది. కుందేళ్లు కొరికేసినా, పశువులు తొక్కేసినా, చలికి మాడిపోయినా దుంప బతికి ఉంటే మొక్క బతికి ఉన్నట్టే.

ఇది నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు. ఒక జూన్‌లో పెరడు శుభ్రం చేయడానికి వచ్చిన కుర్రవాడికి మెస్కీట్ కింద ఉన్న ఎండు కొమ్మలన్నీ తీసేయమని చెప్పి నేను పనికి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి పెరడు అద్దంలా ఉంది. మెస్కీట్ కింద నా ఆరేళ్ల రాత్రి రాణి లేదు. అతన్ని ఏమనాలి? ఎండు కొమ్మలు తీయమన్నది నేను, అతను చూసింది ఎండు కొమ్మలను. చెత్తబుట్టలోంచి నాలుగు ముక్కలు ఏరుకుని వచ్చి కూర్చున్నాను. జూలై మొదటి వారంలో రెండు గట్టి వానలు పడ్డాయి. ఇంకో రెండు మూడు వారాలకు, నేను ఆ సంగతే మరిచిపోయాక, అదే చోట మట్టిని పగలగొట్టుకుని ఊదా ఛాయ ఉన్న రెండు మొలకలు వచ్చాయి. వర్షాకాలం ముగిసేసరికి మూరెడు పెరిగాయి. ఆ దుంపకు ఆరేళ్ల మొక్కను మళ్లీ కట్టడానికి సరిపడా సరుకు లోపలే ఉంది.

సరే, పువ్వు దగ్గరికి వద్దాం.

మొగ్గలు వసంతంలో కనబడతాయి. ముందు కాడ మీద చిన్న బొడిపెలా ఉంటుంది, రోజుల తరబడి అలాగే ఉండిపోతుంది. తర్వాత సాగడం మొదలుపెడుతుంది. చివరి రోజుల్లో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కొలబద్ద లేకుండానే తెలుస్తుంది. పొడుగాటి సన్నని గొట్టం, దాని కొసన ఉబ్బిన మొగ్గ. మే చివరి నుంచి జూలై మొదటి వారాల దాకా ఎప్పుడైనా పూయవచ్చు. ఒక చోట ఉన్న మొక్కల్లో చాలావరకు ఒకటి రెండు రాత్రుల్లో కలిసి పూస్తాయి. టూసాన్‌లోని తొహోనో చూల్ వనంలో ఈ మొక్కలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అక్కడివారు ప్రతి ఏడాది మొగ్గలను గమనిస్తూ ఉంటారు. రాత్రి ఖాయమయ్యాక కబురు పెడితే జనం తండోపతండాలుగా వస్తారు. వారాల ముందు తేదీ వేసి కార్డులు అచ్చు వేయించడానికి వీలుపడే పెళ్లి కాదు ఇది.

నా పెరట్లో మొదటి పువ్వు విచ్చుకున్న రాత్రి నేను పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. జూన్ నెల, ఏడున్నరకు పొద్దు గుంకింది. పగలు కాలిన నేల ఇంకా వేడి చిమ్ముతూనే ఉంది. మొగ్గ కొన కొంచెం వదులైనట్టు అనిపించింది, కళ్ల భ్రమేమో అనుకున్నాను. తర్వాత బయటి రేకు ఒకటి, సన్నగా, గోధుమరంగులో ఉన్నది, చిన్న కుదుపుతో విడిపోయి వెనక్కి వంగింది. నిజంగానే కుదుపు, గాలి లేదు. అది చూశాక లేచి లోపలికి వెళ్లలేకపోయాను. ఒకటి తర్వాత ఒకటి బయటి రేకులన్నీ వెనక్కి మడుచుకుంటుంటే లోపలి తెల్ల రేకులు మధ్యలో చిన్న రంధ్రం వదిలాయి. ఆ రంధ్రంలోంచి వాసన ఒక్కసారిగా వచ్చింది. అంతకు ముందు లేదు. తియ్యటి వాసన, ఘాటైనది, కానీ సంపెంగలా మీద పడేది కాదు. తొమ్మిది దాటేసరికి అరచేయి వెడల్పున విచ్చుకుంది. మధ్యలో లేత పసుపు పుప్పొడితో కేసరాల కుచ్చు, వాటి నడుమ నక్షత్రంలా చీలిన కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొస.

దీపం వేయకుండా కూర్చున్నాను కాబట్టి దాన్ని ముందు విన్నాను, తర్వాత చూశాను. చిన్న పంకా తిరిగినట్టు రెక్కల చప్పుడు. పిచ్చుకంత ఉండే చిమ్మట. హాక్‌మాత్ అంటారు. అది పువ్వు మీద వాలదు. గాలిలో నిలబడి, చుట్టచుట్టుకుని ఉన్న నాలుకను చాచి గొట్టం అడుగున ఉన్న తేనెను పీలుస్తుంది. మూడు అంగుళాల నాలుక. ఆ పువ్వు గొట్టం అంత పొడుగ్గా ఎందుకు ఉందో అప్పుడు అర్థమైంది. తేనె అందుకోవడానికి తల లోపలికి దూర్చినప్పుడు పుప్పొడి దాని ముఖానికి, రొమ్ముకు అంటుకుంటుంది. నాలుగు సెకన్లు ఉందేమో, పోయింది.

మొక్కలు దాదాపు అన్నీ ఒకే రాత్రి ఎందుకు పూస్తాయో ఇప్పుడు చెప్పవచ్చు. ఈ మొక్క పువ్వుకు తన పుప్పొడి పనికిరాదు. తన కొమ్మ మీదే ఉన్న ఇంకో పువ్వుది కూడా పనికిరాదు. వేరే మొక్కది కావాలి. ఎడారిలో ఆ వేరే మొక్క ఎంత దూరాన ఉంటుందో! పువ్వు బతికేది ఒక్క రాత్రి, తెల్లవారి ఎండ తగలగానే వాడిపోతుంది. కాబట్టి అందరూ కలిసి ఒకే రాత్రి సంత పెట్టుకోవాలి. సగ్వారో పువ్వు కూడా రాత్రే విచ్చుకుంటుంది, కానీ మరుసటి మధ్యాహ్నం దాకా ఉంటుంది. గబ్బిలం రాకపోతే పావురం, పావురం రాకపోతే తేనెటీగ. మన రాణికి ఆ వెసులుబాటు లేదు. చిమ్మట వచ్చిందా సరే, లేకపోతే ఆ పువ్వు కథ అక్కడితో సరి.

అందుకే మీ అందరికీ ఒక మనవి. టమాటా మొక్కలను ఒక్క రాత్రిలో మోడు చేసేసే, మీ బొటనవేలంత లావు ఆకుపచ్చ గొంగళిపురుగు తెలుసు కదా, వెనుక కొమ్ము ఉంటుంది. మీరు దాన్ని చంపేస్తున్నారు, నేనూ ఒకప్పుడు చంపినవాడినే. అదే పెరిగి ఈ చిమ్మట అవుతుంది. దానికి ఇక్కడ ఎడారిలో ఇష్టమైన మేత ఉమ్మెత్త. పెరట్లో ఒక మూల అడవి ఉమ్మెత్త వేసి, టమాటా మీద దొరికిన పురుగులను ఏరి అక్కడ వదులుతున్నాను. ఉమ్మెత్త విషమని మీకు వేరే చెప్పనక్కరలేదు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో వేయకండి. కానీ వేయగలిగినవాళ్లు వేస్తే, ఆ చిమ్మటలు ఉమ్మెత్త పువ్వులోనూ తేనె తాగుతాయి, మీ పెరట్లోనే తిరుగుతాయి.

ఇప్పుడు పెంపకం. మొక్క ఎక్కడిది అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఎడారిలో నడకకు వెళ్లినప్పుడు ఇది కనబడితే దండం పెట్టి వచ్చేయండి. అరిజోనాలో ఇది చట్టం కాపాడుతున్న స్థానిక మొక్క. ప్రభుత్వ భూమిలో తవ్వితే నేరం. ఇళ్లు కట్టే స్థలాల్లోంచి అనుమతితో తీసిన మొక్కలకు రాష్ట్ర వ్యవసాయ శాఖ చీటీ కట్టి ఉంటుంది, అది లేకుండా పెద్ద దుంపను ఎవరైనా చవకగా అమ్ముతుంటే అనుమానించండి. చట్టం మాట అటుంచండి, తవ్విన పెద్ద దుంపకు ఏదో ఒక చోట గడ్డపార దెబ్బ తగిలి ఉంటుంది. అక్కడి నుంచి కుళ్లు మొదలవుతుంది. గింజ నుంచి పెంచిన చిన్న మొక్కే అన్ని విధాలా మేలు.

మట్టి విషయంలో మొహమాటం వద్దు. సగానికి పైగా రాయే ఉండాలి. ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత రాయి, గరుకు ఇసుక, చిన్న గులకరాళ్లు, మిగిలినది మామూలు కుండీ మట్టి. నీళ్లు పోస్తే మీరు చెంబు దించే లోపలే కింద కన్నంలోంచి రావాలి. కుండీ వెడల్పు కన్నా లోతు ముఖ్యం, కాల్చిన మట్టి కుండీ అయితే మరీ మంచిది, గోడల నుంచి కూడా తేమ ఆరిపోతుంది. నేలలో పెట్టేవారికి ఇక్కడ ఒక శత్రువు ఉంది, కాలిచీ. తవ్వుతూ పోతే అడుగు లోతులో గడ్డపారకు టంగుమని తగిలే తెల్లటి సున్నపు పొర. దాన్ని పగలగొట్టకుండా పైన మొక్క పెడితే, వానాకాలంలో దుంప పళ్లెంలో నీళ్లలో కూర్చున్నట్టే. కుంట తీసి, నీళ్లు నింపి, మర్నాటికి ఇంకిపోయాయో లేదో చూసుకోండి. ఇంకకపోతే ఆ చోటు వదిలేసి మిట్ట చేసి పెట్టండి.

నీడ కావాలి. ఇది విని చాలామంది నమ్మరు, ఎడారి మొక్కకు నీడేమిటి అంటారు. కాడను ఎండలో పెడితే పసుపు పడుతుంది, తర్వాత బెరడు కట్టినట్టు గరుకు అవుతుంది. మెస్కీట్ నీడ లాంటిది, అంటే చిల్లుల నీడ, ఎండ ముక్కలు ముక్కలుగా పడేది ఉంటే సరిపోతుంది. ముఖ్యంగా మధ్యాహ్నం మూడు గంటల ఎండ తగలకూడదు. కాడలు తమను తాము మోసుకోలేవు, ఆసరాకు పొదనో వెదురు పుల్లనో ఇవ్వండి.

నీళ్ల దగ్గరికి వస్తున్నాను. ఇక్కడ కొంచెం నెమ్మదిస్తాను, ఎందుకంటే ఇక్కడే అందరూ చంపుతారు. నేనూ చంపాను.

నా మొట్టమొదటి మొక్క కుండీలో ఉండేది. డిసెంబరులో కాడలు ముడతలు పడటం మొదలైంది. పాపం దాహమేసిందనుకున్నాను. చెంబెడు పోశాను. ముడతలు పోలేదు, ఇంకో చెంబెడు పోశాను. జనవరి అంతా అలాగే గడిచింది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఫిబ్రవరిలో కాడ మొదలును వేలితో నొక్కితే లోపలికి దిగింది. కుండీ బోర్లించాను. దుంప సగం గోధుమరంగు జావ అయిపోయింది, కుళ్లిన బంగాళాదుంప వాసన. చలికాలంలో ఈ మొక్క పనిచేయదు. కాడ ముడతలు పడటం దాహం కాదు, అది నిద్ర. చలిలో దుంప చుట్టూ ఉన్న తడిని వేళ్లు తాగవు, ఆ తడిలో బూజు మాత్రం పెరుగుతుంది.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా కుండీకి నీళ్లు బంద్, వాన కూడా తగలకుండా చూరు కిందకు జరుపుతాను. మార్చిలో రాత్రులు కొంచెం వెచ్చబడ్డాక మొదటి తడి. అక్కడి నుంచి వేలు మట్టిలోకి దించి, రెండు కణుపుల లోతున పొడిగా ఉంటేనే నీళ్లు. పోసినప్పుడు మాత్రం బాగా తడిసేలా, కింద నుంచి కారేలా పోస్తాను. వేసవిలో ఇది పది రోజులకోసారి వస్తుంది, ఎండ మండిపోతుంటే వారానికోసారి. నేలలో కుదురుకున్న మొక్కకు ఇంత కూడా అక్కరలేదు. టూసాన్‌లో ఏడాదికి దాదాపు 280 మిల్లీమీటర్ల వాన పడుతుంది, ఇది పుట్టింది ఆ వానతో బతకడానికే. మే, జూన్‌లలో మొగ్గలు ఉన్నప్పుడు మాత్రం నెలకు రెండుసార్లు మంచి తడి ఇస్తే మొగ్గలు రాలవు. ఎరువు ఎండాకాలంలో ఒకటి రెండుసార్లు, అదీ చాలా పలచగా. ఎక్కువ వేస్తే కాడలు బలిసి మెత్తబడతాయి, కుందేళ్లకు పండగ. వాటి నుంచీ, అడవి పందుల్లా ఉండే హావెలీనాల నుంచీ కాపాడుకోవాలంటే చిన్న మొక్కల చుట్టూ ఇనుప వల కట్టాల్సిందే.

ఇంతకీ కుళ్లిన మొక్క ఏమైందంటే, కాడ కొసన ఒక జానెడు ముక్క గట్టిగానే ఉంది. పదునైన చాకుతో, కోసిన చోట గోధుమరంగు చుక్క కూడా కనబడని దాకా కోసుకుంటూ వెళ్లాను. ఆ ముక్కను నీడలో ఒక బల్ల మీద మూడు వారాలు పడేశాను, కోసిన చోట గట్టిగా పెచ్చు కట్టేదాకా. ఏప్రిల్‌లో పొడి ఇసుకలో నిలబెట్టాను. వేళ్లు వేయడానికి వేసవి అంతా పట్టింది. దుంప లావెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. మీ చేతుల్లో తిరుగుతున్న కుండీ ఆ ముక్కదే. పదకొండేళ్లయింది. ఎవరి దగ్గర ఉందిప్పుడు? మీ దగ్గరా, అమ్మా? జాగ్రత్త.

గింజల నుంచి పెంచడం దీనికన్నా సుఖం. రెండు వేర్వేరు మొక్కలు ఉంటే, రాత్రి తొమ్మిది పది గంటల మధ్య మెత్తని కుంచెతో ఒక పువ్వు పుప్పొడిని రెండో మొక్క పువ్వు కీలాగ్రానికి రాయండి. చిమ్మట చేయాల్సిన పని మీరు చేసినట్టు. ఒకే మొక్క నుంచి కోసి నాటిన రెండు ముక్కలు రెండు మొక్కలు కావు, గుర్తుంచుకోండి. నాలుగేళ్లు ఆ పొరపాటే చేసి, కాయ కాయలేదని వాపోయిన మిత్రుడు ఈ గదిలోనే ఉన్నాడు, పేరు చెప్పను. పరాగం అందితే పువ్వు వాడాక దాని అడుగు భాగం ఆకుపచ్చగా నిలిచి ఉబ్బుతుంది, అందకపోతే కొన్నాళ్లకు పసుపు పడి రాలిపోతుంది. కాయ పండితే ఎర్రగా, కోడిగుడ్డు కన్నా పొడుగ్గా ఉంటుంది. పిట్టలకు చాలా ఇష్టం, పలచని గుడ్డ కట్టకపోతే మీకు మిగలదు.

గుజ్జు కడిగేసి గింజలు ఆరబెట్టుకోండి. వెచ్చని రోజుల్లో, రాత్రులు కూడా ఇరవై డిగ్రీల పైన ఉన్నప్పుడు, నేను చెప్పిన మట్టినే జల్లించి సన్నది తీసుకుని పైన చల్లండి. గింజ మందం ఇసుక కప్పితే చాలు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అయితే తేమ నిలుస్తుంది. మొలకలు రావడానికి ఒకటి నుంచి మూడు వారాలు. వచ్చాక మూత కొంచెం కొంచెం తెరుస్తూ అలవాటు చేయాలి, ఒక్కసారిగా తీస్తే వాడిపోతాయి. మొదటి ఏడాది చిన్న మొక్కలకు చలికాలంలో కూడా అప్పుడప్పుడు కొద్దిగా తడి కావాలి, దాచుకోవడానికి వాటి దగ్గర ఇంకా ఏమీ లేదు కదా. ఏడాది నిండే లోపే వేరు లావెక్కడం కనిపిస్తుంది. పువ్వు కోసం నాలుగైదేళ్లు ఆగాలి, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఈ మధ్యలో కాడ ఎత్తు చూసి ఎవరూ బెంగపడవద్దు. రెండేళ్లు అది అంగుళం కూడా పెరగకపోవచ్చు. మార్చిలో కుండీ మార్చినప్పుడు దుంపను చేతిలోకి తీసుకుని చూడండి, పోయినసారి కన్నా గట్టిగా, బరువుగా ఉంటే మీ మొక్క బాగా పెరుగుతోందని అర్థం.

ఇక ప్రశ్నలు. చెప్పండి... అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెరుగుతుందా అని అడుగుతున్నారు. పెరుగుతుంది. తూర్పు బాల్కనీ అయితే ఇంకా మంచిది. పడమటి బాల్కనీ అయితే తెర కట్టండి. రాత్రంతా వెలిగే దీపం పక్కన మాత్రం పెట్టకండి, చిమ్మటలు దీపం చుట్టూనే తిరిగి పువ్వును పట్టించుకోవు.

ఆవిడ అడుగుతున్నారు, పువ్వు కోసి పూజకు పెట్టవచ్చా అని. పెట్టుకోండి, మీ మొక్క మీ ఇష్టం. కానీ కోస్తే అర్ధరాత్రి లోపే పూజ చేసుకోవాలి, తెల్లవారి దేవుడి ముందు వాడిన రేకులే ఉంటాయి. పరాగం రాసిన పువ్వును మాత్రం కోయవద్దు. మొక్క దగ్గరే దీపం పెట్టుకోవడం మేలు. కాసేపే, చిమ్మట వచ్చే వేళకు ఆర్పేయండి.

మంచు పడితే? రాత్రి సున్నా డిగ్రీల కిందకు పడిపోయే రోజుల్లో పైన పాత దుప్పటి కప్పండి. కాడ కొసలు నల్లబడితే వెంటనే కత్తిరించకండి. మార్చిలో, ఎంతవరకు పోయిందో తేలాక, కత్తిరించవచ్చు.

బల్ల మీద పొట్లాలు ఉన్నాయి. ఒక్కొక్క దానిలో పది గింజలు. ఆవగింజ కన్నా కొంచెం పెద్దవి, నల్లగా ఉంటాయి. ఎర్ర గీత ఉన్నవి ఒక కాయవి, నీలం గీత ఉన్నవి ఇంకో కాయవి, తల్లి మొక్కలు వేరు. ఒకరు ఎర్రది, పక్కవారు నీలంది తీసుకుని, ఇంటికి వెళ్లేలోపు ఐదేసి గింజలు మార్చుకోండి. ఇప్పుడు మే నెల, ఈ వారమే వేసేయండి.

ఇంకొక్క మాట. మెస్కీట్ కింద ఉన్న ఆ మొక్కకు, అదే ఎండు కొమ్మలనుకుని నరికేసినదానికి, ఈ ఏడాది తొమ్మిది మొగ్గలు ఉన్నాయి. నిన్న సాయంత్రానికి ఇంకా బొడిపెలే. రావాలనుకునేవారు ఆ పుస్తకంలో ఫోను నంబరు రాసి వెళ్లండి. మధ్యాహ్నం మొగ్గ చూసి కబురు పెడతాను. ఏడున్నరకల్లా రావాలి, పీటలు నా దగ్గర నాలుగే ఉన్నాయి.